డెస్క్‌టాప్ రాని రోజులు

కొర్లగుంట, తిరుపతి
6 జూన్ 2003

గౌరవనీయులైన మీకు,

ఉమ్మే హబీబా సలాం చెప్పి రాస్తున్నది. ఇంట్లో మనం ఉర్దూ మాట్లాడుకున్నా నేను గూడూరులో చదివింది తెలుగు బడిలో. మీరు చదివిందీ తెలుగు బడేనని మీ అమ్మీ చెప్పారు. అందుకని ధైర్యం చేసి తెలుగులో రాస్తున్నాను. భార్య భర్తకు ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో నాకెవరూ చెప్పలేదు. తప్పులుంటే మన్నించండి.

అమ్మీ బాగున్నారు. మోకాళ్ళ నొప్పి తగ్గింది. మీరు బంగారుపాళ్యం బస్సెక్కిన మరునాడు ఇక్కడ చిన్న వాన పడింది. మేడమీదికి వెళ్తే కొండ కడిగినట్టుగా దగ్గరికి జరిగి కనిపించింది.

ఇక అసలు సంగతి. రెండు రోజులుగా రాయాలా వద్దా అని కొట్టుకుంటున్నాను. మీ కంప్యూటర్ పాడైంది. నా చేతుల్లోనే పాడైంది. దుమ్ము తుడుస్తూ ఒకసారి వేసి చూద్దామని స్విచ్ వేశాను. మబ్బుల బొమ్మ వచ్చింది, పోయింది. ఆ తర్వాత తెర అంతా ఒకటే నీలిపచ్చ రంగు. మీరు చూపించిన చిన్న చిన్న బొమ్మలు లేవు, కింద ఉండే పట్టీ లేదు. ఒక్క బాణం మాత్రం ఉంది. మౌస్ కదిపితే అదీ కదులుతుంది. కానీ ఎక్కడ నొక్కినా పలకడం లేదు. ఆపి మళ్ళీ వేశాను, అంతే.

పెళ్ళయిన ఆ వారంలో మీరు నాతో కాస్త ఎక్కువసేపు మాట్లాడింది దాని ముందు కూర్చున్నప్పుడే. మౌస్ ఎలా పట్టుకోవాలో చూపించారు. అలాంటి వస్తువును మీరు వెళ్ళగానే పాడుచేశాను.

పక్కింటి చంద్రకాంతమ్మ గారికి కూడా తెలిసిపోయింది. గోడమీంచి అమ్మీతో అంటుంటే విన్నాను. "కొత్త కోడలు వచ్చిన వేళావిశేషం సూడు బేగమ్మా, నిక్షేపంగా ఉండే మిషను నిద్దరబోయింది" అన్నారు. అమ్మీ ఏమీ అనలేదు. అననందుకే భయం వేసింది. మనింట్లో ఫోన్ లేదు, ఉన్నది ఆవిడింట్లోనే. అక్కడ నిలబడి మీతో మాట్లాడలేను. ఏం చేయాలో రాయండి, అలాగే చేస్తాను.

ఇట్లు
మీ భార్య
ఉమ్మే హబీబా

*

బంగారుపాళ్యం
10 జూన్ 2003

ప్రియమైన హబీబాకు,

నీ ఉత్తరం ఆఫీసు గుమాస్తా తెచ్చిచ్చాడు. కవరు మీద నా పేరు అంత గుండ్రంగా ఎవరూ రాయలేదు. చొక్కా జేబులో పెట్టుకుని, పని దిగాక మామిడి క్రేట్ల మీద కూర్చుని చదివాను. మళ్ళీ చదివాను.

మొదట ఒక మాట. ఆ కంప్యూటర్ కొత్తదేం కాదు. బస్టాండు దగ్గర నెట్ సెంటర్ ఎత్తేస్తుంటే నేను కొని తెచ్చుకున్న పాత సరుకు. దానికిలాంటి అలకలు కొత్త కాదు. నువ్వు తుడిచినందుకు పాడవలేదు. చంద్రకాంతమ్మ గారి మాట పట్టించుకోకు. ఆమె మా చిన్నప్పుడు కరెంటు పోయినా ఎవరో ఒకరి కాలు మీదికే తోసేది.

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. బాణం కదులుతోందంటే మిషను బతికే ఉంది, ముస్తాబై బయటికి రావడానికే దానికి ఏదో అడ్డం పడుతోంది. స్విచ్ వేయగానే నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పరుగెత్తుతాయి. అవి పోయి మబ్బులు వచ్చేలోపల కీబోర్డు పైవరసలో ఉన్న ఎఫ్-8 మీట నొక్కుతూ ఉండు. అంకెలు వేసిన వరసలు కొన్ని వస్తాయి. మూడో వరస సేఫ్ మోడ్. మూడు నొక్కి ఎంటర్ కొట్టు. అప్పుడది అత్యవసరమైన సామాను మాత్రం వెంట తెచ్చుకుని లేస్తుంది. తెర పెద్దదిగా, మోటుగా కనిపిస్తుంది, బెదరకు. లేస్తే స్టార్ట్ దగ్గరికి పోయి మామూలుగా ఆపి, మళ్ళీ వెయ్యి. చాలాసార్లు దానితోనే దారికొస్తుంది.

ఇక్కడ గుజ్జు ఫ్యాక్టరీకి తోతాపురి మామిడికాయ దిగడం మొదలైంది. లారీలు రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి. నేను ఆవిరి పైపుల దగ్గర. ఎదురుగా పెద్ద తొట్టిలో గుజ్జు తిరుగుతూ ఉంటుంది. చూస్తూ ఉంటే పసుపుపచ్చటి ఏరు ఒకటి ఇంట్లోంచి పారుతున్నట్టుంటుంది. చుట్టూ తేనెటీగలు. తాగి తాగి ఎగరలేక గోడకు ఆనుకుని నడుస్తుంటాయి. ఇక్కడ పనిచేసే వాళ్ళందరికీ మధ్యాహ్నం కునుకులో ఒకే కల వస్తుందంటారు. నాకు మాత్రం వేరే కల వచ్చింది. ఎవరో నా కుర్చీలో కూర్చుని ఉన్నారు, వీపు మాత్రం కనిపించింది. జడలో మల్లెపూలు ఉన్నాయి.

బాణం ఏమందో రాయి.

నీ
షాబాజ్

*

తిరుపతి
15 జూన్ 2003

ప్రియమైన మీకు,

ఈ మాట రాయడానికి పొద్దున్నుంచి సాయంత్రం అయింది. ఇక చెరపను.

మీరు చెప్పినట్టే చేశాను. మొదటిసారి ఎఫ్-8 ఆలస్యంగా నొక్కాను, మళ్ళీ అదే నీలం. రెండోసారి వరసలు వచ్చాయి. మూడు నొక్కాను. తెర నాలుగు మూలలా సేఫ్ మోడ్ అని రాసుకుని, బొమ్మలన్నీ పెద్దపెద్దగా వచ్చి నిలబడ్డాయి. నేను సంతోషంతో అమ్మీని పిలిచాను. ఆవిడ వచ్చి, "ఇంత లావుగా ఉండాయేంటికి?" అని అడిగారు. మామూలుగా ఆపి మళ్ళీ వేస్తే మాత్రం ఎప్పటిలా ఖాళీ తెరే.

మీ దగ్గర ఒకటి దాచాను. నేను దుమ్ము తుడవలేదు. ఆ రోజు బొమ్మలు వేస్తూ ఉన్నాను. మీరు చూపించిన ఆ రంగుల డబ్బాలో, మౌస్‌తో గోరింటాకు తీగలు వేయడం నేర్చుకున్నాను. మొదట గీతలన్నీ వణికాయి, తర్వాత చెయ్యి మాట విన్నది. ఒక్కొక్క ఆకు వేయగానే ఎక్కడ పోతుందోనని కొత్త పేరుతో దాచేదాన్ని. అలా ఎన్ని దాచానో నాకే తెలియదు. చివరికి ఒక నెమలిని వేసి, తెర అంతటా కనిపించేలా పెట్టబోయాను. అప్పుడే అన్నీ మాయమయ్యాయి.

ఇప్పుడు చెబితే నవ్వుతారేమో. మధ్యాహ్నం అమ్మీ పడుకున్నాక ఆ ఖాళీ తెర ముందు ఊరికే కూర్చుంటున్నాను. నేను పుట్టి పెరిగిన గూడూరుకు సముద్రం దూరం కాదు. అయినా నన్నెవరూ తీసుకెళ్ళలేదు. సముద్రం ఈ రంగులోనే ఉంటుందనిపిస్తుంది. బాణాన్ని మెల్లగా ఒక అంచు నుంచి ఇంకో అంచుకు నడిపిస్తాను, తెరచాప పడవలాగా. నిన్న కునుకు పట్టింది. ఆ నీలం మీద నేను నడుస్తున్నాను, కాళ్ళు తడవడం లేదు. దూరంగా మీరు ఏదో చెబుతున్నారు. వినిపించలేదు గానీ మామిడిపండు వాసన వచ్చింది. లేచి చూస్తే మీ ఉత్తరం చేతిలో ఉంది. ఆ కాగితానికే ఆ వాసన.

శుక్రవారం సెలవు దొరికితే ఒకపూట వచ్చి వెళ్ళమని అమ్మీ రాయమన్నారు. నేను కూడా రాస్తున్నాను.

మీ
హబీబా

*

బంగారుపాళ్యం
29 జూన్ 2003

హబీబాకు,

ఇది గోవిందయ్య రాత. నాతోపాటు బాయిలర్ దగ్గర పనిచేసే పెద్దాయన. నేను చెబుతుంటే ఆయన రాస్తున్నాడు. సీజను ముమ్మరంగా ఉంది, నాకు చేతులు ఖాళీ లేవు. నీ ఉత్తరానికి ఆలస్యంగా జవాబిస్తున్నాను.

నువ్వు బొమ్మలు దాచిన సంగతి రాసి మంచి పని చేశావు. నాకు ఒక అనుమానం వచ్చింది. మళ్ళీ సేఫ్ మోడ్‌లోకి వెళ్ళు. మై కంప్యూటర్ తెరిచి, సి అని ఉన్న డ్రైవ్ మీద మౌస్ కుడి మీట నొక్కితే చిన్న పట్టిక వస్తుంది. అందులో అన్నిటికన్నా కింద ప్రాపర్టీస్ అని ఉంటుంది. అది తెరిస్తే గుండ్రటి బొమ్మ కనిపిస్తుంది. నిండిన జాగా నీలం, ఖాళీ జాగా గులాబీ. గులాబీ ఎంత ఉందో చూసి రాయి. లోపల మెసలడానికి చోటు లేకపోతే డెస్క్‌టాప్ రాదు.

శుక్రవారం రావడం కుదరదు. ఆ తర్వాతి శుక్రవారం కూడా కుదరదు. అమ్మీని జాగ్రత్తగా చూసుకో.

షాబాజ్

*

తిరుపతి
3 జూలై 2003

షాబాజ్ గారికి,

సలాం. మీరు చూడమన్నది చూశాను. గుండ్రటి బొమ్మ మొత్తం నీలం. గులాబీ గీతంత కూడా లేదు.

రాయాల్సింది ఇంతే. కానీ కాగితం మిగిలింది. ఎటూ ఇంకొకరు చదివేదే అయినా రాస్తున్నాను. గోవిందయ్య గారు పెద్దవారు, ఏమీ అనుకోరు.

పోస్టుమేన్ కోసం రోజూ గుమ్మంలో నిలబడ్డాను. చివరికి వచ్చిన కవరు మీద రాత మీది కాదు. మీకు పనులుంటాయని నాకు తెలియనిది కాదు. అయినా నాకు రాయడానికి ఒక్క పావుగంట చేతులు ఖాళీ కాలేదా? మీతో చెప్పుకున్న కల ఎవరెవరు చదివారో అనుకుంటే సిగ్గుతో తలెత్తలేకపోయాను. నేను ఏదైనా పొరపాటు మాట రాసి ఉంటే ఆ మాటే చెప్పండి. మిషనుకు కారణం వెతికినట్టు నా తప్పు కూడా వెతికి చెప్పండి, దిద్దుకుంటాను.

ఇక్కడ ఇల్లు మారిపోయింది. పోయిన నెలలో ఒకరోజు అమ్మీ తెల్లవారక ముందే లేచి మెత్తగా కిచిడీ వండి, క్యారియర్ కట్టుకుని ఒక్కరే చిత్తూరు వెళ్ళారు. చుట్టాలను చూసి వస్తానన్నారు. నేనూ వస్తానంటే వద్దన్నారు. సాయంత్రం తిరిగి వచ్చినప్పటి నుంచి నాతో మాటలు తగ్గించేశారు. నమాజు దగ్గర చాలాసేపు కూర్చుంటున్నారు. నేను గదిలోకి వెళ్తే కళ్ళు తుడుచుకుని లేస్తున్నారు. చంద్రకాంతమ్మ గారు కూడా ఇప్పుడు ఎత్తిపొడవడం లేదు. నన్ను చూసి తల దించుకుని లోపలికి వెళ్ళిపోతున్నారు. తిట్టినప్పుడే నయం. ఇద్దరూ నా గురించి ఏదో తేల్చుకున్నారనిపిస్తోంది. మీరు కూడానేమో.

మా అబ్బాజాన్ వచ్చే వారం చివర్లో వస్తారు. నిమ్మకాయల మండీలో పని తెమలగానే రైలెక్కుతారట. కొన్నాళ్ళు గూడూరు రమ్మంటున్నారు. వెళ్ళమంటారా? వెళ్తే మళ్ళీ ఎప్పుడు రావాలో, అసలు రావాలో వద్దో కూడా మీరే రాయండి. ఈసారి మీ చేత్తో రాయండి. రెండు ముక్కలైనా చాలు.

ఉమ్మే హబీబా

*

బంగారుపాళ్యం
8 జూలై 2003

ప్రియమైన హబీబా,

ఇది నా ఎడమ చేతి రాత. ఒకటో తరగతి పిల్లవాడి రాతలా ఉంటుంది. ఓర్చుకో.

నీ కల గోవిందయ్య చదవలేదు. నీ ఉత్తరాలు నేను ఎవరికీ ఇవ్వను.

పోయిన నెల ఆవిరి పైపు అతుకు ఊడింది. కుడి చెయ్యి కాలింది. మణికట్టు నుంచి మోచేతి దాకా. చిత్తూరు ఆస్పత్రిలో కొన్నాళ్ళు ఉన్నాను. ఇప్పుడు బయటికి వచ్చాను. కట్టు ఉంది. వేళ్ళు కదులుతున్నాయి. డాక్టరు భయం లేదన్నాడు.

నీకు చెప్పొద్దని నేనే అందరికీ చెప్పాను. మిషను నిద్రపోతేనే నీ కాలు అన్నారు. చెయ్యి కాలిందంటే ఇంకేమంటారు? నా చెయ్యి మానుతుంది. నీ మీద పడిన మాట మానదు. అది నీకు జన్మంతా ఉండిపోతుంది. అందుకని, మానిన చేత్తోనే ఇంటికి రావాలనుకున్నాను.

నీ తప్పు వెతకమన్నావు. వెతికాను. లేదు.

డ్రైవ్‌లో పాటలు అని ఒక ఫోల్డరు ఉంది. అన్నీ నావే. తీసెయ్యి. తర్వాత రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యి. లేకపోతే చోటు రాదు. నీ బొమ్మలు ఒక్కటి కూడా తీయకు.

గూడూరు వెళ్ళాలని ఉంటే వెళ్ళు. ఉండాలని ఉంటే ఉండు. రావాలా వద్దా అని మాత్రం నన్ను అడగకు. అది నీ ఇల్లు.

ఇంత రాయడానికి పొద్దు గూకింది.

నీ
షాబాజ్

*

తిరుపతి
11 జూలై 2003

నా ప్రియమైన మీకు,

మీ ఎడమ చేతికి నా సలాం. అంత అందమైన రాత నేను చూడలేదు.

నిన్న ఉత్తరం గుమ్మంలోనే చదివాను. చదివి అక్కడే కూర్చుండిపోయాను. కాసేపటికి ఒక్కటే అనిపించింది. ఈ సంగతి అమ్మీకి చెప్పాలి, చెప్పి ఆవిడ ఏమన్నా పడాలి. అమ్మీ పెరట్లో బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. ఎదురుగా కూర్చున్నాను. "అమ్మీ, ఆయన చెయ్యి కాలిందంట" అన్నాను.

అమ్మీ చేట పక్కన పెట్టారు. ఆశ్చర్యపోలేదు, ఏడవలేదు. నా తల మీద చెయ్యి వేశారు.

"నాకు తెలుసు బేటీ. గోవిందయ్య ఆ దినమే పక్కింటికి ఫోన్ చేసినాడు. నేను పోయి చూసి వచ్చినాను. వాడు నీకు చెప్పొద్దన్న్యాడు."

చిత్తూరులో చుట్టాలంటే మీరేనట. కిచిడీ మీకేనట. అవతల మీరు నా మీద మాట పడకూడదని దాచారు. ఇవతల అమ్మీ, నిన్నమొన్న ఇంట్లో అడుగుపెట్టిన పిల్ల బెదిరిపోతుందని దాచారు. కళ్ళెదుట ఉంటే ఎక్కడ నోరు జారతానో అని నాతో మాటలు తగ్గించారట. నేనేమో రోజూ ఆ మౌనంలో కూర్చుని నా తప్పులు లెక్కపెట్టుకున్నాను.

"మీరు నన్నే తప్పు పడతారనుకున్నాను" అన్నాను. అమ్మీకి అప్పుడు కోపం వచ్చింది. అంత కోపం నేనెప్పుడూ చూడలేదు.

"ఆ పైపు తుప్పు పట్టి ఊడినాది. దానికి నీ కాలేం చేసింది? నేను ఈ ఇంటికి వచ్చిన ఏడాది వానలు లేవు. జిల్లా అంతా ఎండింది. అదీ నా కాలేనన్న్యారు. ఏడాదంతా తల వంచుకోని తిరిగినాను. ఆ మాట ఈ ఇంట్లో ఇంకొకరు పడేది లేదు."

ఇంకో సంగతి చెబితే నమ్మరు. మొదట ఫోన్ ఎత్తింది చంద్రకాంతమ్మ గారే కదా. అమ్మీ ఆ రోజే ఆవిడ దగ్గరికి పోయి, నా కోడలి చెవిన పడితే నీకూ నాకూ మాటల్లేవని చెప్పారట. ఆవిడ ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు. నిన్న తనే వచ్చి, "నా నోటికి బుద్ధి లేదమ్మా, మనసులో పెట్టుకోవద్దు" అన్నారు. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను కాఫీ కలిపి ఇచ్చాను.

నిన్న సాయంత్రం అమ్మీ నేను ఇద్దరం మీ మిషను ముందు కూర్చున్నాం. సేఫ్ మోడ్‌లో పాటల ఫోల్డరు తెరిచాను. పాట పెట్టి చూద్దామంటే ఆ మోడ్‌లో శబ్దం రాదు. పేర్లు మాత్రం చదువుతూ వెళ్ళాను. ఒక్కో పేరుకు అమ్మీ ఇది వాడు బాయిలర్ పనిలో కొత్తగా చేరినప్పటిది, ఇది వాళ్ళ నాన్న చనిపోయిన ఏడాది వాడు పదే పదే పెట్టుకున్నది అని చెబుతున్నారు. అలాంటి వాటిని తీసెయ్యమని మీరెలా రాశారండీ? మీ మాట మొదటిసారి జవదాటాను. నా బొమ్మల్లో ఒకే పువ్వు నలభై పేర్లతో ఉంది. ఒక్కటి ఉంచుకుని మిగతావి తీసేశాను. మీ పాటల్లో అమ్మీ పెదవి విరిచినవి కొన్ని మాత్రం తీశాం. రీసైకిల్ బిన్ ఖాళీ చేశాం. గుండ్రటి బొమ్మలో గులాబీ ముక్క ఒకటి వచ్చింది, పుచ్చకాయ ముక్కలాగా.

మామూలుగా ఆపి, మళ్ళీ వేశాను. మబ్బులు వచ్చాయి. పోయాయి. నీలం వచ్చింది. అమ్మీ నా మోచెయ్యి పట్టుకున్నారు. లోపల ఏదో గిరగిర తిరిగిన చప్పుడైంది. అప్పుడు ఒక్కొక్కటే, పొద్దున్నే వాకిట్లోకి పిల్లలు వచ్చినట్టు, బొమ్మలన్నీ వచ్చి నిలబడ్డాయి. కింద పట్టీ వచ్చింది. వాటి వెనక నా నెమలి నిదానంగా తెర అంతా పరుచుకుంది. అమ్మీ చాలాసేపు చూసి, దీనికి కాళ్ళు బాగా కుదరలేదన్నారు. నిజమే, కుదరలేదు.

ఈ రోజు ఉదయం అబ్బాజాన్ వచ్చారు. నిమ్మకాయల సంచి ఒకటి తెచ్చారు. గూడూరు రానని చెప్పాను. ఆయన కారణం విన్నారు. తర్వాత నా పెట్టె తనే దించి, ఆ నిమ్మకాయల్లో సగం అందులో సర్దారు. రేపు ముగ్గురం చిత్తూరు మీదుగా బంగారుపాళ్యం వస్తున్నాం. అబ్బాజాన్, అమ్మీ మిమ్మల్ని చూసి సాయంత్రానికి తిరిగి వెళ్తారు. నేను వెళ్ళను. గోవిందయ్య గారి భార్య దేవకమ్మ గారు వాళ్ళింట్లో ఒక గది ఖాళీగా ఉందన్నారట, అమ్మీ ఫోన్‌లో మాట్లాడారు. సీజను అయ్యేదాకా, మీ కట్టు విప్పేదాకా అక్కడే ఉంటాను. ఎడమ చేత్తో అన్నం తినడం ఎంత కష్టమో ఈ మధ్యాహ్నం నేను తిని చూశాను. ఇక మీరు అలా తినక్కర్లేదు.

ఈ ఉత్తరం టపాలో వేయడం లేదు. నేనే తెచ్చి మీ చేతికి ఇస్తాను. పెద్దవాళ్ళ ముందు నాకు మాట రాదు, ఏడుపు వస్తుంది. అందుకే ముందే రాసుకున్నాను. మీరు చదువుతున్నంతసేపు నేను కిటికీ దగ్గర నిలబడి బయటి లారీలను చూస్తుంటాను. నా వైపు చూడకండి, తొందరపడి చదవకండి.

చదవడం అయ్యాక నన్ను పేరు పెట్టి పిలవండి. ఉత్తరాల్లో చాలాసార్లు రాశారు గానీ, మీ నోటితో నా పేరు నేను ఇంతవరకు వినలేదు.

మీ
హబీబా